ఆరని కొలత

మధ్యాహ్నం 2:35. కంట్రోల్ రూమ్‌కి ఫోన్ వచ్చింది.

"మా బావని ఎవరో చంపేశారండీ! తొందరగా రండి!"

3:10కి పోలీసులు చేరుకున్నారు. రెండో అంతస్తులో ఒక ల్యాబ్. కట్టుడు పళ్ళు తయారుచేసే చోటు. మూడు బల్లలు, మూడు స్టూళ్ళు, ఒక సింకు. గోడ పొడవునా అరల నిండా ప్లాస్టర్ దవడలు. అన్నీ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి. అసలు సాక్షులు అవే. చెప్పగలిగితేనా!

నేల మీద బోర్లా పడి ఉన్నాడు ల్యాబ్ యజమాని. యాభై ఎనిమిదేళ్ళు. వీధిలో అందరికీ ఆయన పళ్ళ మాస్టారు. తల వెనక ఒకే ఒక్క దెబ్బ. సింకులో అచ్చులు బిగించే బరువైన ఇత్తడి క్లాంపు. నీళ్ళతో కడిగేసి ఉంది.

3:40కల్లా హంతకుడెవరో తేలిపోయింది.

అరగంట! ఆఫీసులో పోయిన గొడుగు ఎవరు పట్టుకెళ్ళారో తేల్చడానికి కూడా ఇంతకంటే ఎక్కువ సేపు పడుతుంది.

కింద కళ్ళద్దాల షాపాయన చెప్పాడు: "పదకొండు యాభైకి పైన పెద్ద గొడవండీ. ఒకటే అరుపులు. 12:05కి పొడుగోడు మెట్లు దిగి పరిగెత్తాడు. నా వంక చూడనైనా లేదు."

మాస్టారి బావమరిది చెప్పాడు: "12:10కి బావకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఒంటిగంటకి మళ్ళీ చేశాను. ఎత్తలేదు. మనసాగక 2:30కి వచ్చి తలుపు తీస్తే, ఇదీ సంగతి. నేనేదీ ముట్టుకోలేదండీ. అలాగే బయటికొచ్చి మీకు ఫోన్ చేశాను."

పొడుగోడంటే అదే ల్యాబ్‌లో పనిచేసే టెక్నీషియన్. ఇరవై ఏడేళ్ళవాడు. పందొమ్మిదో ఏట బైకు దొంగతనం చేసి ఎనిమిది నెలలు జైల్లో ఉన్నాడు. ఆ ఒక్క ముక్క చెవిన పడగానే అప్పటి ఇన్‌స్పెక్టర్ నోటుబుక్ మూసేశాడు. ఇక రాసుకోవడానికేముంది?

సాయంత్రం ఆరింటికి వాళ్ళమ్మ ఇంట్లో, అన్నం ముందు కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే లేపి తీసుకొచ్చారు. వాళ్ళమ్మది మూడు గంటల దూరంలో ఉన్న ఊరు. జేబులో బస్సు టికెట్ దొరికింది. 12:40 బస్సు. కండక్టర్ గుర్తుపట్టాడు. దిగింది 3:40కి. 'హత్య చేసి పారిపోయాడు' అని రాసి ఆ టికెట్‌ని ఫైలుకి అంటించారు. క్లాంపు మీద సగం వేలిముద్ర దొరికింది. అది పొడుగోడిదే. రోజూ ఆ క్లాంపుతో పనిచేసేవాడి వేలిముద్ర దాని మీద కాక ఇంకెక్కడ ఉంటుందని ఒక్కరూ అడగలేదు.

ఇదంతా పద్నాలుగు నెలల కిందటి మాట. ఆ ఇన్‌స్పెక్టర్‌కి ప్రమోషన్ వచ్చింది. ఇప్పుడాయన పెద్ద సారు.

* * *

గురువారం సాయంత్రం 4:00.

స్టేషన్‌కి కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఒక ఆడమనిషి. నలభై ఒక్క ఏళ్ళు. ప్రతి కాగితం రెండుసార్లు చదువుతుందని సిబ్బంది చాటుగా 'చాదస్తం మేడం' అంటారు. అది ఆవిడకి తెలుసు. తెలియనట్టు ఉంటుంది.

పొడుగోడి ఫైలు ఆమె బల్ల మీదికొచ్చింది. సాక్షుల విచారణ అయిపోయింది. సోమవారం ఉదయం 10:30కి చివరి వాదనలు. తర్వాత తీర్పు. ఉరి కాకపోయినా యావజ్జీవం ఖాయమని కోర్టు గుమాస్తా కూడా చెప్పేస్తున్నాడు.

"సంతకం పెట్టేయండి మేడం. తేలిపోయిన కేసు," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. పెద్ద మీసాలు, చిన్న ఓపిక ఆయనవి.

ఆమె పెన్ను తీసింది. అబద్ధమెందుకు, ఆమె కూడా వాడే చేశాడనుకుంది.

బయట బెంచీ మీద ఒకమ్మాయి. పొడుగోడి చెల్లెలు. ఆసుపత్రిలో లిఫ్ట్ ఆపరేటర్. డ్యూటీ దిగి రోజూ ఇక్కడికొస్తుంది. కాళ్ళరిగేలా తిరుగుతోంది. ఎవరూ లోపలికి రానివ్వరు. ఆ రోజు తలుపు తోసుకుని తనే వచ్చేసింది.

"ఏయ్! ఎక్కడికి?" హెడ్ గద్దించాడు.

"మీరుండండి బాబాయ్. రోజుకి మూడొందలసార్లు పైకీ కిందకీ తిరిగేదాన్ని, మీ అరుపులకి భయపడను." ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "ఒక్క మాట మేడం. పద్నాలుగు నెలలుగా అందరూ మా అన్నయ్య గురించే అడిగారు. మా అన్నయ్యని మాత్రం ఎవరూ అడగలేదు."

"అంటే?"

"ఫైలు మీ చేతిలోనే ఉందిగా. చూసుకోండి."

ఒళ్ళు మండింది ఇన్‌స్పెక్టర్‌కి. చూసింది. నిందితుడి వాంగ్మూలం మూడంటే మూడే లైన్లు. అతని పాత దొంగతనం గురించి పదకొండు పేజీలు.

మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళింది. బావమరిది వాంగ్మూలం తీసింది. 12:10కి ఫోన్, ఒంటిగంటకి ఫోన్, 2:30కి రాక. మరి ఆ మధ్యలో అతనెక్కడున్నాడు? ఒక్క ముక్క లేదు. మొత్తం ఫైలు వెతికింది. ఎవరూ అడగనే లేదు.

పెన్ను మూత పెట్టేసింది.

* * *

శుక్రవారం ఉదయం 11:00. జైలు ములాఖత్ గది.

పొడుగోడు నిజంగానే పొడుగు. కానీ బాగా వంగిపోయాడు. లాయరు తనతో మాట్లాడింది మూడుసార్లేనట, అదీ వరండాలో నిలబడి.

"గొడవ దేనికి?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"చెప్పినా నమ్మరు."

"నమ్మకం సంగతి నాకొదిలెయ్. దేనికి?"

"ల్యాబ్ ఇక నువ్వు చూసుకో అన్నారు మాస్టారు. బోర్డు మీద నా పేరు రాయిస్తానన్నారు. నేనొద్దన్నాను."

"అలాంటిది ఎవరైనా వద్దంటారా?"

"జైలుకెళ్ళొచ్చినవాడి పేరు బోర్డు మీదుంటే ఏ డాక్టరు పని పంపిస్తాడు మేడం? ఆ మాటే అన్నాను. ఆయనకి కోపమొచ్చింది. నాకూ వచ్చింది. అరుచుకున్నాం. ఆఖరికి, 'పోయి మీ అమ్మనడిగి రా, రెండ్రోజులు సెలవు' అన్నారు."

"మరి పరుగెందుకు?"

"12:40 బస్సు తప్పితే మళ్ళీ సాయంత్రమే."

కథ బాగానే అతికింది. మరీ బాగా అతికిందేమో అని కూడా అనిపించింది ఆమెకి. కథ అల్లుకోవడానికి పద్నాలుగు నెలలు తక్కువేం కాదు. పోలీసు తీసిన ఫోటోలు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. చూసింది ఫోటోలని కాదు, అతని ముఖాన్ని.

"ఇవెప్పుడైనా చూశావా?"

"లేదు. ఎవరూ చూపించలేదు."

శవం ఫోటోని పక్కకి తిప్పేశాడు. తలుపు, సింకు, బల్లలు. పద్నాలుగో ఫోటో దగ్గర ఆగాడు. దగ్గరికి లాక్కున్నాడు.

"ఇదేంటి?"

"నిన్ను అడగాల్సింది నేను."

"కాదు మేడం, ఇది నేనున్నప్పుడు లేదు. ఆ పొద్దున పనంతా అయిపోయింది. గిన్నెలు కడిగి, బల్లలు తుడిచి వెళ్ళాను. ఇదేదో కొత్త కొలత. చూడండి, ట్రేలో ప్లాస్టర్ పోసి బోర్లించారు. చీటీ మీద నంబరు కూడా ఉంది. 214."

"కొలత అంటే?"

"పేషెంటు నోట్లో గులాబీ రంగు ముద్ద పెట్టి పళ్ళ కొలత తీస్తారు కదా, అది. అందులో ప్లాస్టర్ పోస్తే అచ్చు వస్తుంది. ఆ అచ్చు మీద పళ్ళు కడతాం. కానీ ఆ ముద్ద చాలావరకు నీళ్ళే మేడం. ఆరుతుంటే ముడుచుకుపోతుంది. ఇరవై నిమిషాల్లో పోసెయ్యాలి. గంటయితే ఇక పనికిరాదు. ఆ అచ్చు మీద కట్టిన పళ్ళు నోట్లో కూర్చోవు. మా పనిలో మొదటి రోజు నేర్పేది అదే. అన్నం ముందున్నా సరే, కొలత వస్తే లేవాలి."

"ఇది పోసిందెవరు?"

"చెయ్యి తిరిగినవాళ్ళే. అడుగు అంచు చూడండి, బొటనవేలు తడిపి నున్నగా దిద్దారు. బయటివాళ్ళకిది రాదు."

"మీ ల్యాబ్‌లో పని తెలిసినవాళ్ళు?"

"మాస్టారు, బావమరిదిగారు, నేను. ముగ్గురమే. ఆ పూట బావమరిదిగారు పనిలోకి రాలేదు."

"అయితే మాస్టారే పోసుండొచ్చు."

"పోసుండొచ్చు." అతను తలెత్తి చూశాడు. "అంటే నేను వెళ్ళాక ఆయన బతికున్నట్టే కదా మేడం?"

ఈ ఫోటో పద్నాలుగు నెలలుగా ఫైల్లోనే ఉంది. పోలీసులు చూశారు, ప్రాసిక్యూటర్ చూశాడు, జడ్జి చూశాడు. అందులో ఏముందో చదవగలిగిన ఒకే ఒక్కడికి తప్ప అందరికీ చూపించారు.

జైలు గేటు దాటకముందే ఫోన్ మోగింది. పెద్ద సారు.

"ఏంటమ్మా, జైలుకెళ్ళావట?"

"చిన్న అనుమానం సార్."

"సోమవారం వాదనలు పెట్టుకుని ఇప్పుడు అనుమానాలేంటి? వాడు దొంగ. ముఖం చూస్తేనే తెలుస్తుంది. అనవసరంగా కేసు కెలక్కు."

"ముఖాన్ని కోర్టులో ఎగ్జిబిట్‌గా పెట్టలేం కదా సార్," అంది ఆమె.

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది.

* * *

శుక్రవారం మధ్యాహ్నం 3:00. ల్యాబ్‌కి అయిదు నిమిషాల దూరంలో ఉన్న పళ్ళ క్లినిక్.

నర్సు పాత రిజిస్టర్ తిరగేసింది. మాటకి ముందు నవ్వే మనిషి. ఆ పేజీ దగ్గర నవ్వు ఆగిపోయింది.

"214. ఇదిగోండి. మా బామ్మగారిది. మా బామ్మంటే మా సొంత బామ్మ కాదు, క్లినిక్ అందరికీ బామ్మే. కొలత తీసింది 1:10కి."

"ల్యాబ్‌కి ఎవరు తీసుకెళ్ళారు?"

"భోజనానికి వెళ్తూ నేనే తీసుకెళ్ళాను. 1:20కి బెల్లు కొట్టాను."

"తలుపు ఎవరు తీశారు?"

"ఎవరూ తియ్యలేదు. వాళ్ళ చేతులకి ఎప్పుడూ ప్లాస్టరే, ఓ పట్టాన తలుపు తియ్యరు. బెల్లు కొట్టి, కవరు తలుపు కొక్కేనికి తగిలించి వచ్చేస్తాం. మాకది మామూలే."

"తడిగుడ్డ చుట్టారా?"

"అయిదు నిమిషాల దారికి గుడ్డెందుకని చుట్టలేదు."

"కింద షాపాయన చూశాడా?"

"ఆయన పన్నెండున్నరకి షట్టర్ దించి భోజనానికెళ్తే రెండింటికి గానీ రాడు."

"లోపల ఏమైనా చప్పుడు?"

"కుళాయి ధారగా పోతోంది. బెల్లు కొట్టగానే ఆగిపోయింది."

ఇన్‌స్పెక్టర్ రాసుకుంటున్న పెన్ను కూడా ఆగిపోయింది. "ఇది పోలీసులకి చెప్పారా?"

"చెప్పకేం! మర్నాడే చెప్పాను. పొడుగోణ్ణి చూశావా అన్నారు. లేదన్నాను. అయితే నువ్వెళ్ళమ్మా అన్నారు."

"మరి ఆ అచ్చు ఏమైంది?"

"అదీ నేనే అడిగి తెచ్చుకున్నాను. పళ్ళేవి పళ్ళేవి అని బామ్మ ప్రాణం తీస్తోంది కదా. చచ్చినవాడికి దీంతో పనేంటి, పట్టుకుపో అన్నారు అప్పటి ఇన్‌స్పెక్టర్‌గారు. వేరే ల్యాబ్‌లో సెట్టు కట్టించాం."

ఒక కీలకమైన సాక్ష్యాన్ని, సీలు లేకుండా, పోలీసులే చేతులారా కవర్లో వేసి పంపించారన్నమాట. వెంట వచ్చిన హెడ్ తన మీసం సర్దుకుంటూ కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ రోజు తలుపు దగ్గర కాపలా ఉన్నది ఆయనే.

* * *

శనివారం ఉదయం 10:00.

బామ్మకి డెబ్భై ఎనిమిదేళ్ళు. తలుపు తీసేటప్పటికే మొక్కజొన్న కంకి కొరుకుతోంది.

"పోలీసులా? నా పళ్ళ కోసమా? ఇవ్వను. ఇవి లేనప్పుడు ఆర్నెల్లు గంజి తాగాను."

"ఇవ్వక్కర్లేదు బామ్మగారూ. ఎలా ఉన్నాయో చెప్పండి చాలు."

"నా సొంత పళ్ళు కూడా ఇంత బుద్ధిగా ఉండలేదు. మొదటి రోజు పెట్టుకుంటే మళ్ళీ తీస్తే ఒట్టు. ఎక్కడా ఒరుసుకోలేదు, కదల్లేదు. మా చెల్లెలి సెట్టు చూడాలి నువ్వు, మాట్లాడితే ఎదుటివాళ్ళ ఒళ్ళో పడుతుంది." కంకి ఇంకోసారి కసుక్కున కొరికి చూపించింది.

వెంట వచ్చిన క్లినిక్ డాక్టరు ఆమె నోరు పరీక్షించాడు. అద్దంతో, దారంతో, పావుగంటసేపు. ఆ తర్వాత కాగితం మీద రాసిచ్చాడు. కొలత తీసిన ఇరవై, మహా అయితే పాతిక నిమిషాల్లోపు ప్లాస్టర్ పోస్తే తప్ప సెట్టు ఇంత కచ్చితంగా కూర్చోదు.

"బామ్మగారూ, ఆ మొదటి అచ్చు ఏమైందో తెలుసా?"

"తెలియకేం? రెండో ల్యాబువాళ్ళు దానికి నకలు తీసుకుని, నకలు మీద పని చేశారట. అసలుది సెట్టుతోపాటు నాకే వచ్చింది. నా నోటి బొమ్మ కదా, పారెయ్యబుద్ధి కాలేదు."

అద్దాల బీరువాలో, టీ కప్పుల మధ్య ఉంది అది. అడుగున, రెండో ల్యాబువాళ్ళు రాసుకున్న నంబరు, 214. దాని పక్కనే, దిద్దిన చోట, ఆరిపోయిన ప్లాస్టర్‌లో బొటనవేలి గుర్తు. గీత గీతా కనిపిస్తోంది.

హెడ్ ఊపిరి బిగబట్టి దాన్ని పెట్టెలో పెట్టి సీలు వేశాడు. ఈసారి సీలు వేశాడు!

సాయంత్రం 5:30కి వేలిముద్రల నిపుణుడి ఫోన్ వచ్చింది. హత్య జరిగిన రోజు ల్యాబ్‌వాళ్ళందరి వేలిముద్రలూ తీసి ఉన్నాయి. శవానివి కూడా. వాటితో పోల్చాడు. ఇన్‌స్పెక్టర్ ఒకే ఒక్క మాట విని, "రాతపూర్వకంగా పంపండి," అని పెట్టేసింది.

* * *

ఆదివారం సాయంత్రం 4:00. పద్నాలుగు నెలల తర్వాత ల్యాబ్ తలుపు తెరిచారు.

మాస్టారి భార్య వచ్చింది. ఆమె పక్కన తమ్ముడు, అంటే మాస్టారి బావమరిది. యాభై ఏళ్ళు. తెల్లటి ఇస్త్రీ చొక్కా, మర్యాదైన మనిషి. నర్సు వచ్చింది. పొడుగోడి చెల్లెలు గోడవారగా నిలబడింది. పెద్ద సారు కూడా వచ్చారు. ముఖం మాడ్చుకుని మరీ వచ్చారు.

"ఈ సంతంతా ఎందుకు?" అన్నారాయన.

ఇన్‌స్పెక్టర్ జవాబివ్వలేదు. ఇవ్వడానికి లేదు, ఆమె నోట్లో ట్రే ఉంది. నర్సు ట్రే బయటికి తీసి, గులాబీ రంగు కొలతని బావమరిది ముందున్న బల్ల మీద పెట్టింది. పక్కనే రబ్బరు గిన్నె, ప్లాస్టర్ డబ్బా, నీళ్ళు.

4:05.

ఇన్‌స్పెక్టర్ పుక్కిలించి వచ్చి కూర్చుంది. "నా పళ్ళే. దాని సంగతి తర్వాత. ముందు కొన్ని ప్రశ్నలు." బావమరిది వైపు తిరిగింది. "ఈ ల్యాబ్‌లో ఎన్నేళ్ళు?"

"ఇరవై ఆరేళ్ళు."

"మాస్టారు పనిలో ఉండగా ఫోన్ ఎత్తుతారా?"

అతని కంటే ముందు మాస్టారి భార్యే జవాబిచ్చింది. "ఎప్పుడూ ఎత్తరు. మిషను మోతలో వినపడదు. నేను చేసినా అంతే."

"మరి రెండుసార్లు ఎత్తకపోతే మీకు భయమెందుకేసింది?"

"ఏమో... అనిపించింది."

"12:10కీ 2:30కీ మధ్య ఎక్కడున్నారు?"

"ఇంట్లో."

"చూసినవాళ్ళు?"

"ఒక్కణ్ణే ఉన్నాను. ఇదేంటండీ, నన్నా అనుమానించేది?" పెద్ద సారు వైపు చూశాడు.

4:14. అతని కళ్ళు ట్రే మీదికి వెళ్ళాయి. వెనక్కి వచ్చాయి.

"2:30కి తలుపు తీసి ఏం చేశారు?"

"బావని చూశాను. వెంటనే బయటికొచ్చాను. ఏదీ ముట్టుకోలేదు. కోర్టులో కూడా అదే చెప్పాను."

"మూడుసార్లు చెప్పారు. చదివాను."

4:19. కొలత అంచుల్లో మెరుపు తగ్గుతోంది. అతని వేళ్ళు మోకాలి మీద కదులుతున్నాయి.

"అది... ఆరిపోతోంది," అన్నాడు.

"ఆరనివ్వండి."

"పాడైపోతుందండీ. ఎవరైనా పొయ్యండి."

"ఎందుకంత తొందర?"

4:23. అతని కుడిచెయ్యి దానంతటదే లేచింది. రబ్బరు గిన్నెని దగ్గరికి లాక్కుంది. నీళ్ళు పోసింది. ప్లాస్టర్ డబ్బా మూత తీశాక అతనికి తెలిసింది అందరూ తనని చూస్తున్నారని. గిన్నె వదిలేశాడు.

"ఇది సాక్ష్యం కాదు," అంది ఇన్‌స్పెక్టర్. "ఆ రోజు ఎలా జరిగిందో నేను చూడాలనుకున్నాను, అంతే. సాక్ష్యం ఇది."

బామ్మ అచ్చు బల్ల మీద పెట్టింది. బోర్లించి చూపించింది.

"ఈ కొలత తీసింది 1:10కి. తలుపుకి తగిలించింది 1:20కి. ప్లాస్టర్ పోసింది 1:35 లోపు. డాక్టరు రాసిచ్చాడు. అప్పటికి పొడుగోడు బస్సెక్కి దాదాపు గంటయింది. ఆ టికెట్టు ఫైల్లోనే ఉంది. కండక్టర్ వాంగ్మూలం కూడా. పారిపోయాడని మనమే అంటించాం." పెద్ద సారు వైపు చూడకుండానే చెప్పింది. "1:20కి ఈ గదిలో కుళాయి పారుతోంది. నర్సు విన్నది. మాస్టారే బతికి ఉండి పోశారనుకుందామంటే, ఈ వేలిముద్ర మాస్టారిది కాదు. మీది."

బావమరిది అచ్చు మీదనుంచి చూపు తిప్పుకున్నాడు. "2:30కి వచ్చాక... నేనే పోశాను. అలవాటులో. కంగారులో చెప్పడం మరిచిపోయాను."

"బావ శవం పక్కన నిలబడి?"

"ముందు చూళ్ళేదు."

"అప్పటికి కొలత తీసి గంటా ఇరవై నిమిషాలు. ఆరి ముడుచుకుపోవాలి. దాని మీద కట్టిన పళ్ళతో బామ్మ నా ముందు మొక్కజొన్న కంకి తినేసింది. ఇరవై ఆరేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు, మీరే చెప్పండి. కుదురుతుందా?"

అతను ఆ అచ్చు వైపు చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"కుదరదు," అన్నాడు.

ఆ తర్వాత ఎవరూ ప్రశ్నలు అడగాల్సిన అవసరం రాలేదు.

"ఇరవై ఆరేళ్ళు రెండో స్టూలు మీదే కూర్చున్నాను. ఎప్పటికైనా ల్యాబ్ నాదే అనుకున్నాను. ఆ రోజు ఒంటిగంటకి నేను ఫోన్ చేసింది ఈ వీధి చివరినుంచే. ఎత్తకపోతే పైకొచ్చాను. బోర్డు మీద వాడి పేరు రాయిస్తున్నానని బావ నవ్వుతూ చెప్పాడండీ. నవ్వుతూ! చేతికేది దొరికితే అది తీశాను. కడుగుతుంటే బెల్లు మోగింది. కాసేపు ఆగి, వెళ్ళిపోదామని తలుపు తీశాను. కొక్కేనికి కవరు. తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో నాకే తెలీదు. చూసుకునేసరికి ప్లాస్టర్ కలుపుతున్నాను. ఆరిపోతుంది కదండీ. వదిలెయ్యలేకపోయాను."

ఇన్‌స్పెక్టర్ గొంతు మొదటిసారి పెరిగింది. "పళ్ళ కొలత పావుగంట ఆరితే చూళ్ళేకపోయారు. మనిషి పద్నాలుగు నెలలు జైల్లో ఎండిపోతుంటే ఎలా చూశారు?"

అక్క లేచి అతని ఎదురుగా నిలబడింది.

"నన్ను బోనెక్కించి 'వాడే' అనిపించావు కదరా తమ్ముడూ. ఆయన పోయిన దుఃఖంలో నువ్వేం చెప్తే అది నమ్మాను. ఆ పిల్లాడు ఏడేళ్ళు నా చేతి అన్నం తిన్నాడురా." పొడుగోడి చెల్లెలే వచ్చి పట్టుకుని కూర్చోబెట్టింది.

పెద్ద సారు టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. "నువ్వు ముందే నాకొక మాట చెప్పాల్సింది," అన్నారు ఇన్‌స్పెక్టర్‌తో.

"శుక్రవారం చెప్పాను సార్. మీరు ఫోన్ పెట్టేశారు."

* * *

సోమవారం ఉదయం 10:30కి కోర్టులో వాదనలు జరగలేదు. ప్రాసిక్యూటరే లేచి కొత్త సాక్ష్యాలు జడ్జి ముందు పెట్టాడు. 12:15కి పొడుగోడు నిర్దోషిగా బయటికొచ్చాడు.

వరండాలో చెల్లెలు అతని చొక్కా పట్టుకుని వదలడం లేదు. "తిండి తినలేదు అన్నయ్యా నువ్వు, ఎలా అయిపోయావో చూడు," అని తిడుతోంది, ఏడుస్తోంది, మళ్ళీ తిడుతోంది. హెడ్ ఎక్కడినుంచో మంచినీళ్ళ సీసా తెచ్చి, ఎవరికివ్వాలో తెలియక పట్టుకుని నిలబడ్డాడు.

పొడుగోడు ఇన్‌స్పెక్టర్ దగ్గరికొచ్చాడు.

"ఒకటడగనా మేడం?"

"అడుగు."

"జైలుకొచ్చారు కదా. ఫోటోలు చూపించకముందు. నేను చంపలేదని అప్పుడు నమ్మారా?"

నమ్మాననొచ్చు. కాదనడానికి సాక్షులెవరూ లేరు. అతని మనసుకి ఊరటగానూ ఉంటుంది.

"లేదు," అందామె. "నువ్వే చేశావనుకున్నాను. నీ పాత కేసు చదివాక నీ గురించి ఇంకేం చదవబుద్ధి కాలేదు. తప్పే. నేనూ వాళ్ళలో ఒకదాన్నే."

అతను తల ఊపాడు. కోపం తెచ్చుకోలేదు.

"నేనేం చెప్పకముందే నన్ను నమ్మిన మనిషి ఒక్కరే మేడం. జైలునుంచి బయటికొచ్చిన మర్నాడు మాస్టారి దగ్గరికెళ్తే, ఏం చేసొచ్చావని కూడా అడగలేదు. చేతులు చూపించు అన్నారు. చూసి, రేపట్నుంచి రా అన్నారు. ఆ మాస్టారిని చంపానన్నారు నన్ను." కోర్టు తలుపు వైపు చూశాడు. "కోర్టులో ఒకసారి ఏడుపొచ్చింది. నాటకమన్నారు. ఆ తర్వాత ఆయన కోసం మళ్ళీ ఏడవలేదు. ఏడిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని భయమేసింది."

ఆ మాట అని అక్కడే మెట్ల మీద కూలబడ్డాడు. అంత పొడుగు మనిషి మోకాళ్ళలో తల పెట్టుకుని, పద్నాలుగు నెలల కిందట చనిపోయిన మనిషి కోసం ఇప్పుడు ఏడ్చాడు. దారిన పోతున్న లాయర్లు ఆగి చూశారు. హెడ్ వాళ్ళని పక్కకి పంపించాడు. ఇన్‌స్పెక్టర్‌కి పన్నెండున్నరకి మరో కోర్టులో వేరే కేసు ఉంది. ఆమె వెళ్ళలేదు. అతను లేచేదాకా అక్కడే నిలబడింది.